నిండు నెలల మనిషిని నిలబెట్టే కొట్టుకో నమస్కారం

 ఈసారి బులెటిన్‌లో జీతం బకాయిల సంగతి రాయడం లేదు, వీసా సంగతీ కాదు. కాళ్ల వాపు సంగతి రాస్తున్నా. నవ్వకండి. చదివాక నవ్వొస్తే అప్పుడు నవ్వండి.

మన ఆడవాళ్లు ఎక్కడెక్కడ పని చేస్తున్నారో మీకు తెలుసు. గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర, ఇండియన్ గ్రోసరీలో బిల్లింగ్ దగ్గర, రెస్టారెంట్ కిచెన్‌లో దోసె పెనం ముందు, వుడ్‌ఫీల్డ్ మాల్ చుట్టుపక్కల హోటళ్లలో లాండ్రీ టేబుల్ ముందు. ఎనిమిది గంటలు, పది గంటలు, ఒక్కోసారి పన్నెండు. వీళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు ఉన్నారు. ఎనిమిదో నెల వచ్చినా డ్యూటీకి వస్తారు, ఎందుకంటే అద్దె ఆగదు. సాయంత్రానికి చెప్పుల్లో పాదం పట్టదు. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉంటుంది.

అట్లాంటి ఒక చెల్లెలు తన ఓనర్ని ఒక స్టూలు అడిగింది. సెలవు అడగలేదు, జీతం పెంచమనలేదు. ఓనరు మనవాడే, తెలుగువాడే, పండక్కి అందరికీ స్వీటు బాక్సులు పంచే మనిషి. ఏమన్నాడంటే, "కౌంటర్లో కూర్చుంటే కస్టమర్ ఏమనుకుంటాడమ్మా, షాపుకు ఒక లుక్ ఉంటుంది కదా" అన్నాడు. పేరు రాయను. అతనొక్కడే అయితే రాసేవాణ్ణేమో. ఇదే మాట మూడు నాలుగు చోట్ల విన్నా. దాని వెనక ఇంకో మాట తప్పకుండా వస్తుంది: "మా అమ్మ నాట్లేస్తూ నాట్లేస్తూ గట్టు మీదికొచ్చి నన్ను కన్నది. ఆమెకు ఎవరేశారు స్టూలు?"

ఈ మాటకు జవాబు చెప్పాలనే ఇదంతా రాస్తున్నా.

నేను పదో తరగతి చదివినవాణ్ణి. డాక్టర్ని కాను. కానీ సైటు మీద ఇరవై ఏళ్ల పైన ఉన్నా. పైపులో నీళ్లు ఎటు పోతాయి, ఎందుకు ఎక్కవు, ప్రెషర్ ఎక్కడ పడుతుంది అనేది నా రోజువారీ పని. కాళ్లలో రక్తం సంగతి కూడా సగం ప్లంబింగే. డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది మన భాషలో చెప్తా.

గుండె నుంచి కాళ్లకు రక్తం దిగడం సులువు, పంపు నెట్టుతుంది. తిరిగి పైకి ఎక్కడమే కష్టం. తిరిగి ఎక్కే గొట్టాలను సిరలు అంటారు. పిక్కల మీద నీలంగా కనిపించేవి, మన వాళ్లు నరాలు అనేవి అవే. మీరు కదలకుండా నిలబడితే గుండె దగ్గర్నుంచి పాదం దాకా రక్తం ఒక నిలువు గొట్టంలా నిలబడుతుంది. దాని బరువంతా పాదం మీద. డాక్టర్లు ఆ ప్రెషర్‌ను బీపీ లెక్కలోనే కొలుస్తారు. మామూలు ఎత్తు మనిషి కదలకుండా నిలబడితే పాదం సిరలో దాదాపు 90 ఉంటుంది. బీపీ లెక్క పాదరసం మిల్లీమీటర్లలో ఉంటుంది. పాదరసం నీళ్లకన్నా 13.6 రెట్లు బరువు. గుణించి చూడండి, 122 సెంటీమీటర్లు, అంటే నాలుగు అడుగుల నీళ్లు. గుండె నుంచి పాదానికి టేపు పెడితే అదే నాలుగు అడుగులు. మేం ట్యాంకుకు చూసుకునే లెక్కకూ దీనికీ తేడా లేదు.

మరి ఆ రక్తం పైకి ఎట్లా ఎక్కుతుంది? ఊళ్లో బావి మీద మోటారు పెట్టినవాళ్లకు ఫుట్‌వాల్వు తెలుసు. నీళ్లు పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. మన కాళ్ల సిరల్లోనూ జానెడు జానెడుకీ అట్లాంటి చిన్న చిన్న వాల్వులు ఉన్నాయి. మోటారు మాత్రం గుండె కాదు, పిక్క కండ. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగుసుకుని సిరను పిండుతుంది, రక్తం ఒక మెట్టు ఎక్కుతుంది, వాల్వు మూసుకుంటుంది. పది అడుగులు నడిచేసరికి పాదంలో 90 ఉన్న ప్రెషర్ 30కి, ఇంకా కిందికి దిగుతుంది. ఆగి నిలబడితే నిమిషం తిరక్కుండానే మళ్లీ 90.

కాబట్టి అన్నా, నడక వేరు, నిలబడటం వేరు. మీ అమ్మ నాటు వేసింది, నిజమే. నాటు వేసే మనిషి ఒక్క చోట నిలబడుతుందా? బురదలో కాలు తీస్తుంది, వేస్తుంది, వెనక్కి జరుగుతుంది, గట్టెక్కుతుంది, మధ్యాహ్నం చెట్టు కింద కూలబడుతుంది. ఆ పిక్క పొద్దంతా పని చేస్తూనే ఉంది. మీ కౌంటర్లో ఆ చెల్లెలు రెండు టైల్స్ మీద నిలబడి ఉంటుంది. పక్కకు జరిగితే సిగరెట్ ర్యాకు, వెనక్కి జరిగితే లాటరీ మిషను. మోటారు ఆపేసి ట్యాంకు నిండలేదేంటి అని అడిగినట్టుంది మీ మాట.

ఇంకోటి. "మా అమ్మ కనలేదా" అనేవాళ్లు బతికినవాళ్ల కొడుకులు. చచ్చిపోయినవాళ్ల కొడుకులు ఆ మాట అనరు. 1997–98లో మన దేశంలో లక్ష కాన్పులకు 398 మంది తల్లులు పోయేవాళ్లని సర్కారు లెక్క. 2018–20 నాటికి అది 97కి వచ్చింది, తెలంగాణలో 43, ఆంధ్రలో 45. అది నాట్లు వేయడం వల్ల తగ్గలేదు. దవాఖానా కాన్పుల వల్ల, 108 బండి వల్ల, ఆశా అక్కలు ఇల్లిల్లూ తిరగడం వల్ల తగ్గింది.

సరే, ఇదంతా అందరి కాళ్లకూ ఉన్న లెక్కే. నిండు నెలల మనిషికి ఏమవుతుంది?

మొదటిది, రక్తమే పెరుగుతుంది. బిడ్డ కోసం ఒంట్లో రక్తం మామూలు కన్నా 40 శాతం పైగా ఎక్కువవుతుంది. అదే గొట్టాల్లో ఎక్కువ సరుకు. రెండోది, కడుపుతో ఉన్నప్పుడు ఊరే హార్మోన్ల వల్ల సిరల గోడలు మెత్తబడి సాగుతాయి. సాగినప్పుడు వాల్వు రెక్కలు ఒకదానికొకటి అందవు, లీకవుతాయి. పిక్కల మీద నరాలు పాముల్లా ఉబ్బడం అందుకే. మూడోది అన్నిటికన్నా పెద్దది. కాళ్ల నుంచి వచ్చే రెండు పెద్ద సిరలు బొడ్డు ఎత్తులో కలిసి ఒకే మెయిన్ లైన్‌గా వెన్నెముక పక్కన, కుడివైపు, పైకి పోతాయి. నెలలు నిండిన గర్భసంచి సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. మెయిన్ లైన్ మీద ఎవరో కాలు పెట్టి నిలబడ్డట్టు.

దీన్ని కూడా కొలిచారు. వెల్లకిలా పడుకున్న గర్భిణి తొడ సిరలో ప్రెషర్ మొదటి నెలల్లో 8 దగ్గర ఉంటే, నెలలు నిండేసరికి 24కి చేరుతుంది. మూడింతలు. నీళ్ల లెక్కలో నాలుగు అంగుళాలు పోయి పదమూడు అంగుళాలు. చేతి సిరల్లో మాత్రం పెద్దగా మార్పు ఉండదు. అంటే తప్పు పంపుది కాదు, లైన్ మధ్యలో నొక్కుడు ఉంది. పడుకుని ఉన్నప్పుడే ఇట్లా ఉంటే, దాని మీద పది గంటల నిలువు నాలుగడుగులు పెట్టండి. ప్రెషర్ తట్టుకోలేక సన్నటి రక్తనాళాల గోడల్లోంచి నీరు బయటికి ఊరి చర్మం కింద చేరుతుంది. మనం "కాళ్లకు నీరు పట్టింది" అంటాం. మన పెద్దోళ్లు పెట్టిన పేరు సరైనదే, నిజంగా నీరే.

అక్కడితో ఆగదు. కాళ్లలో అంత రక్తం నిలిచిపోతే గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది. తిరిగి రానిది గుండె ఎక్కడ్నుంచి పంపుతుంది? తల తిరుగుతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి, చెమటలు పడతాయి. కౌంటర్ దగ్గర కళ్లు తిరిగి పడితే "పొద్దున తినలేదేమో" అంటారు. తినే ఉంటుంది పాపం.

ఇక్కడ నేను భయపెట్టదలుచుకోలేదు. కాళ్లు వాచిన ఆడవాళ్లలో ఎక్కువమందికి కాన్పు బాగానే అవుతుంది, తర్వాత వాపు పోతుంది, ఉబ్బిన నరాలు కూడా చాలావరకు తగ్గుతాయి. కానీ "మామూలే" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మామూలుగా వచ్చేదే అని ఒకటి. పట్టించుకోనక్కర్లేదని ఇంకోటి. మొదటిది డాక్టరు చెప్తాడు, రెండోది ఓనరు వినేస్తాడు.

ఇంట్లో వాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది, అది కూడా రాస్తా. ఊరి నుంచి అత్తగారు వీడియో కాల్లో చెప్తుంది: "నీళ్లు తక్కువ తాగించు, వాపు దిగుతుంది." తప్పు. ఆ వాపు నీళ్లు తాగడం వల్ల రాలేదు, ప్రెషర్ వల్ల వచ్చింది. నీళ్లు మానితే రక్తం చిక్కబడుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇంకొందరు ఊరి మెడికల్ షాపు నుంచి ఒంట్లో నీరు తీసే మాత్రలు తెప్పించి సూట్‌కేసుల్లో పంపుతున్నారు. అవి వేసుకోకండి, వేయకండి. డాక్టరు రాస్తే తప్ప ఆ సమయంలో ఏ మాత్రా వద్దు.

ఇంకో రకం ప్రేమ ఉంది. "కదలకు తల్లీ, వెల్లకిలా హాయిగా పడుకో" అంటారు. హాయిగా ఉండదు. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువంతా ఆ మెయిన్ సిర మీద పడుతుంది. కొందరికి బీపీ పడిపోయి ముఖం పాలిపోతుంది, పక్కకు తిప్పగానే లేచి కూర్చుంటారు. హోవార్డ్, గుడ్‌సన్, మెంగర్ట్ అనే డాక్టర్లు 1953లోనే దీని గురించి పేపర్ రాశారు. డెబ్భై ఏళ్లు దాటింది. మన గదుల్లోకి ఇంకా రాలేదు. 28 వారాలు దాటాక వెల్లకిలా నిద్రపోయేవాళ్లకు, పక్కకు తిరిగి పడుకునేవాళ్ల కన్నా, కడుపులో బిడ్డ పోయే ప్రమాదం రెండు రెట్లకు పైగా ఉందని చాలా దేశాల లెక్కలు కలిపి చూసి తేల్చారు. ప్రమాదం మొత్తంగా చిన్నదే, కానీ పక్కకు తిరిగితే పోయేదానికి ఎందుకు తెచ్చుకోవాలి? ఎడమైనా కుడైనా పర్లేదు. నడుము వెనక ఒక దిండు. రాత్రి మెలకువ వచ్చినప్పుడు వెల్లకిలా ఉంటే గాబరా పడక్కర్లేదు, మళ్లీ తిరిగి పడుకుంటే చాలు. బెడ్‌రూమ్‌లో నలుగురున్న అపార్ట్‌మెంట్లలో పక్కకు తిరిగే చోటు కూడా ఉండదని నాకు తెలుసు. ఉంటున్న మిగతావాళ్లు ఆ ఒక్క మంచం ఆమెకు వదిలేయండి.

ఇప్పుడు చెప్పేది భార్యలున్న ప్రతి తమ్ముడూ గుర్తుపెట్టుకోవాలి. రెండు కాళ్లూ సమానంగా వాచి, రాత్రి పడుకుంటే తగ్గితే అది ప్రెషర్ వాపు. ఒక్క కాలే వాచి, నొప్పి పుట్టి, వేడిగా ఎర్రగా ఉంటే అది వేరే సంగతి, లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. కడుపుతో ఉన్నప్పుడు రక్తానికి గడ్డ కట్టే గుణం పెరుగుతుంది, కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ఒళ్లు చేసుకునే ఏర్పాటు అది. దానికి తోడు రక్తం కాళ్లలో నిలిచిపోతుంది. అందుకే గడ్డ వచ్చే అవకాశం మామూలు ఆడవాళ్ల కన్నా నాలుగైదు రెట్లు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండు. ఎక్కువగా ఎడమ కాల్లోనే వస్తుంది, పదింట ఎనిమిది దాకా, ఎందుకంటే ఎడమ కాలి సిర మీదుగా కుడి కాలికి పోయే ధమని అడ్డంగా దాటుతుంది. ఆ గడ్డ తెగి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆయాసం, ఛాతీ నొప్పి. అప్పుడు ఉబర్ బుక్ చేయడం కాదు, 911. కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఈ ప్రమాదం పోదు, నిజానికి అప్పుడే ఎక్కువ. ఊరికి పోయే ఇరవై గంటల విమానంలో కూడా ఇదే లెక్క, గంటకోసారి లేచి నడవాలి.

ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచి, తలనొప్పి తగ్గక, కళ్ల ముందు మెరుపులు వస్తే అది కాళ్ల ప్రెషర్ కాదు, బీపీ. 140/90 దాటిందంటే డాక్టర్‌కు ఫోన్ చేయాలి, డ్యూటీ అయ్యాక కాదు, అప్పుడే.

"డబ్బుల్లేవు, ఇన్సూరెన్స్ లేదు" అంటారు. ఇల్లినాయ్‌లో మామ్స్ అండ్ బేబీస్ అనే మెడికెయిడ్ ప్లాన్ ఉంది. ఆదాయం పరిమితిలో ఉంటే కడుపుతో ఉన్నవాళ్లకు వర్తిస్తుంది, వీసా ఏదనేది అడ్డు కాదు. ఎమర్జెన్సీ రూముకు పోతే డబ్బు సంగతి తేలకముందే చూడాలని 1986 నుంచి దేశమంతా చట్టం ఉంది. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అని ఒక్క మాట చెప్పండి, దుబాసీని ఫోన్లో పిలిపించడం హాస్పిటల్ బాధ్యత, దానికి డబ్బు తీసుకోకూడదు.

ఇక స్టూలు సంగతికి వస్తా. ఓనర్లు అనుకుంటున్నట్టు ఇది దయాధర్మం కాదు. మన దేశంలో 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజన చట్టంలోనే రాశారు: నిండు నెలల మనిషి అడిగితే ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదని. అప్పటికి ఈ ఓనర్లు పుట్టి కూడా ఉండరు. ఇక్కడ ఇల్లినాయ్ చట్టం 2015 జనవరి 1 నుంచి ఉంది, ఒక్క వర్కర్ ఉన్న కొట్టుకు కూడా వర్తిస్తుంది. 15 మంది లేదా ఇంకా ఎక్కువ ఉన్న చోట్ల 2023 జూన్ 27 నుంచి ప్రెగ్నెంట్ వర్కర్స్ ఫెయిర్‌నెస్ యాక్ట్ అని దేశమంతటికీ వచ్చింది. 2024 జూన్‌లో దానికి వచ్చిన నిబంధనల్లో నాలుగు విషయాలు విడిగా రాశారు: దగ్గర నీళ్లు పెట్టుకోవడం, ఎక్కువసార్లు బాత్రూముకు పోవడం, తినడానికి తాగడానికి విరామం, నిలబడే పనిలో కూర్చోవడం, కూర్చునే పనిలో లేవడం. ఈ నాలుగింటికీ డాక్టర్ చీటీ తెమ్మని పంపకూడదు. అడిగినందుకు గంటలు కోసినా, పని తీసేసినా అది ఇంకో తప్పు. స్టేట్ హ్యూమన్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌లో కంప్లయింట్ ఇవ్వడానికి 2025 నుంచి రెండేళ్ల గడువు ఉంది.

హోటల్లో రూములు శుభ్రం చేసే అక్కాచెల్లెళ్లకు ఇంకో మాట. షామ్‌బర్గ్ దాదాపు అంతా కుక్ కౌంటీలో ఉంది. కుక్ కౌంటీ హోటళ్లలో రూమ్ అటెండెంట్ ఏడు గంటలు పని చేస్తే పదిహేను నిమిషాల జీతంతో కూడిన విరామాలు రెండు, అరగంట భోజనం ఒకటి ఇవ్వాలి. కూర్చోడానికి కుర్చీలు, తాగడానికి నీళ్లు ఉన్న గది చూపించాలి. కడుపుతో ఉన్నా లేకపోయినా. ఆ గది ఎక్కడుందో మీలో ఎంతమందికి తెలుసు? అడగండి.

చేతికి డబ్బులిచ్చే పనిలో ఉన్నవాళ్లు భయపడతారని తెలుసు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. అట్లాంటి చోట ఒక్కరు పోయి అడక్కండి, ముగ్గురు కలిసి అడగండి. ఎదురుగా స్టూలు పెట్టి "కొన్నాం, వేశాం" అనండి. ఎత్తి బయట పారేసే దమ్ము చాలామంది ఓనర్లకు ఉండదు.

నా లాంటి సూపర్‌వైజర్లకు కూడా ఇందులో వాటా ఉంది. షిఫ్టు రాసేది మనం. సైటులో కార్పెట్ పీకే పని, టైల్స్ మోసే పని ఎవరికి ఎట్లా మార్చాలో మనకు తెలుసు. మోకాలు నొప్పి అన్న మగవాడికి లైట్ డ్యూటీ వేస్తాం, లోపల మనిషిని మోస్తున్న ఆమెకు వేయడానికి ఓనర్ పర్మిషన్ అడుగుతాం. స్టూలు ఎత్తు కౌంటర్‌కు సరిపోవాలి, పాదాలు గాల్లో వేలాడకూడదు, కింద ఒక పెట్టె వేయండి. కూర్చోబెట్టి వదిలేయడం కూడా సరి కాదు. అరగంటకోసారి పది అడుగులు నడవనివ్వండి. కస్టమర్ లేనప్పుడు మడమలు ఎత్తి దించమనండి, ఇరవైసార్లు. ఆ పిక్క మోటారు మళ్లీ తిరుగుతుంది. డాక్టరు సరే అంటే బిగుతు మేజోళ్లు పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, వాచాక వేస్తే ఎక్కవు.

ఓనర్‌కు నోటితో అడిగితే మర్చిపోతాడు, లేదా మర్చిపోయినట్టు ఉంటాడు. ఫోన్లో మెసేజ్ పెట్టండి, తేదీతో సహా ఉండిపోతుంది. ఇంగ్లీషు రాయడానికి ఇబ్బందైతే ఇదిగో, ఇట్లా పెట్టండి, స్పెల్లింగ్ పిల్లలనో రూమ్మేట్‌నో అడగండి: "ఐ యామ్ ప్రెగ్నెంట్. ఐ నీడ్ ఎ స్టూల్ టు సిట్ వైల్ ఐ వర్క్, అండ్ షార్ట్ బ్రేక్స్ టు వాక్ అండ్ డ్రింక్ వాటర్. ప్లీజ్ స్టార్ట్ దిస్ ఫ్రమ్ మై నెక్స్ట్ షిఫ్ట్." పంపిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మూడు రోజుల్లో జవాబు రాకపోతే దాన్ని మన వెల్ఫేర్ గ్రూప్ నంబరుకు పంపండి, ఆదివారం నేనూ ఇంకో ఇద్దరూ స్టూలు పట్టుకుని వస్తాం.